పటంలో లేని గుహ

సెప్టెంబర్ 14

ఐదో రోజు వాన. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇస్తే కోటగోడ చుట్టూ తిరిగి వచ్చాను. ఏడో భాగం లోపలి వైపు, నా భుజం ఎత్తున, ఒక సన్నటి గీత. వెంట్రుకంత. నిన్న ఉందా? ఉండే ఉంటుంది. రెండు వేల నాలుగు వందల ఏళ్ళ మట్టి గోడ మీద గీత లేని చోటు ఎక్కడుంది?

అయినా పద్ధతి ప్రకారం గీతకు అడ్డంగా పల్చటి కాగితం ముక్క ఒకటి అంటించి, దాని మీద తేదీ వేశాను. గోడ కదిలితే కాగితం చిరుగుతుంది. ఖరీదైన పరికరాలు వచ్చాక కూడా మా ఆఫీసులో అందరం ఈ కాగితాన్నే నమ్ముతాం. పైన యాత్రికుల చెక్కబాట అంచు ఉంది కాబట్టి అక్కడ జల్లు పడదు.

నేను అంటిస్తుండగా ఎవరూ చూడలేదు. చూస్తే మాత్రం ఏం? అది నా ఉద్యోగమే. ఈ మాట ఎందుకు రాశానో.

సెప్టెంబర్ 15

కాగితం చిరగలేదు.

సెప్టెంబర్ 16

చిరగలేదు. వాన తగ్గింది. అమ్మ కొర్రల జావ కాచింది, రెండు గిన్నెలు తాగాను. ఆకలి బాగానే ఉంది. కాబట్టి నేను భయపడటం లేదు.

సెప్టెంబర్ 17

ఇది నా డైరీ. ఇక్కడ కూడా దాచుకుంటే ఇక రాయడం దేనికి?

ఎనిమిదేళ్ళ క్రితం మా ఊరిని ఈ పాత రాజధాని లోపలి నుంచి లేపేసి అవతల అపార్టుమెంట్లలోకి పంపినప్పుడు, కోటగోడలో ఎక్కడెక్కడ డొల్లలున్నాయో కొలిచి పటం గీసే పని నాకు అప్పజెప్పారు. ఆ ఊళ్ళో పుట్టి పురావస్తు శాస్త్రం చదివినదాన్ని నేనొక్కదాన్నే. మా ఊరివాళ్ళకు ఆ గోడ ఏ రాజుదీ కాదు. దాని పొట్టలోకి గుహలు తవ్వుకుని, చలికాలానికి చిలగడదుంపలు దాచుకునేవాళ్ళు. దిమ్మిస కొట్టి కొట్టి రాయిలా చేసిన మట్టి. దుంప కుళ్ళదు, మొలకెత్తదు. ఇల్లిల్లూ అడిగి, ఒక్కో గుహలోకీ పాకి, లోతూ వెడల్పూ రాసుకున్నాను. పటంలో అరవై మూడు గుహలు తేలాయి. అన్నిటినీ సున్నం కలిపిన మట్టితో పూడ్చారు. ఆ పటం ముందు పెట్టుకునే ఇంజినీర్లు గోడ మీద చెక్కబాటకు స్తంభాలు దించారు.

గుహలు అరవై నాలుగు.

అరవై నాలుగోది మాది. అందులో అమ్మ శవపేటిక ఉంది.

నాన్న తను పోయే ముందు, అధిక మాసం వచ్చిన ఏడాది ముందే చేయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందన్న మా వైపు నమ్మకం కొద్దీ, దేవదారు పలకలతో రెండు పేటికలు చేయించాడు. ఒకటి ఆయనతో వెళ్ళింది. రెండోది అమ్మది. ఊరు లేచిన ఏడాదే, పూడ్చడం కుదరదు, ఇక అందరికీ దహనమే అని అధికారులు గట్టిగా పట్టుబట్టారు. లారీ వచ్చి ఇళ్ళల్లో దాచుకున్న పేటికలు ఎక్కించుకుపోయేది. మా వీధి చివరి ఇంటి ముసలావిడ తన పేటికలోకి ఎక్కి పడుకుంటే, నలుగురు ఆమెను మర్యాదగానే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, పేటికను పట్టుకెళ్ళారు. అమ్మ అది గుమ్మంలో నిలబడి చూసింది. ఆ సాయంత్రమే అంది: "దుంపల గుహలో పెట్టేద్దాం. నువ్వు రాయకపోతే ఎవరికి తెలుస్తుందే?"

రాయలేదు. మా ఊరి షెన్ బాబాయ్, ఆయన తమ్ముడు మోశారు. గుహ నోటికి ఇటుకలు పేర్చి మట్టి మెత్తాం. ఆ తమ్ముడు ఇప్పుడు లేడు. షెన్ బాబాయ్ గోడకు కాపలాదారుగా చేరాడు.

అప్పటికి గోడ మీద బాట వేస్తారన్న సంగతే లేదు. లేదనే నాకు గుర్తు.

సెప్టెంబర్ 18

చిరగలేదు.

సెప్టెంబర్ 19

జాతీయ దినం సెలవుల ఏర్పాట్ల మీద మీటింగు. బల్ల చివర చంద్రుడి పండగకు పంచే తీపి రొట్టెల డబ్బాలు గుట్టగా ఉన్నాయి. వాటి మీదుగా తోంగ్ డైరెక్టర్ మాట్లాడారు. రోజుకు ఎనిమిది వేల మంది యాత్రికులు వస్తారట.

"ఏడో భాగం మీద ఢోళ్ళ బృందం. ఇరవై నలుగురు. నిలువెత్తు ఢోళ్ళు. వెనకాల పొద్దు కుంకుతుంటుంది, ముందు జనం. ఆ వీడియో నాలుగు ఫోన్లలో తిరిగితే వచ్చే ఏడాది మనం పోస్టరు వేయక్కర్లేదు."

"వానలు బాగా పడ్డాయి కదండీ," అన్నాను.

"పడతాయి. సెప్టెంబరు."

"గోడ నానింది."

"ము టీచర్, ఈ గోడ రెండు వేల నాలుగు వందల సెప్టెంబర్లు చూసింది. మీరు నలభై నాలుగు చూశారు." అందరూ నవ్వారు. నా ఇంటిపేరు ము; చదువుకు మర్యాదగా ఆఫీసులో టీచర్ అంటారు. "అయినా ఇంజినీర్లు లెక్కలన్నీ మీ పటం మీదే కదా వేసింది? మీ పటాన్ని మీరే నమ్మకపోతే ఎలా?"

"అలా అని కాదు."

"మరి ఎలా?"

ఏమీ లేదన్నాను. నా పక్కన కూర్చున్న టికెట్ల విభాగం అమ్మాయి నాకు ఒక తీపి రొట్టె విప్పి ఇచ్చింది. తిన్నాను. నోట్లో మట్టిలా ఉంది.

బయటికి వస్తుంటే డైరెక్టర్ నా భుజం తట్టి, "బాట సంగతి మీ ఊరు లేవకముందే తీర్మానించాం, ఆ మీటింగు నోట్సు రాసిందే మీరు. ఇప్పుడు భయపడితే ఎలాగండీ?" అన్నారు. ఆయన ధైర్యం చెబుతున్నట్టే అన్నారు.

పాత ఫైలు తీసి చూశాను. నా చేతిరాతే. గుహల కొలతలు మొదలుపెట్టడానికి పంతొమ్మిది రోజుల ముందు తేదీ.

సెప్టెంబర్ 20

బడి పిల్లలు వచ్చారు. నీడ ఉందని ఏడో భాగం కిందే కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు ఒలుచుకున్నారు. రెండు జడల పిల్ల ఒకతె గోడకు చెవి ఆనించి, "లోపల ఏముంది?" అంది.

"మట్టి."

"అంతా మట్టేనా?"

"అంతా మట్టే."

వాళ్ళ టీచరు, "మేడమ్‌కు థాంక్స్ చెప్పండి," అంది. నలభై గొంతులు ఒకేసారి చెప్పాయి. ఆ చప్పుడుకు కూడా నేను గోడ వైపు చూశాను.

ఈ రోజు నుంచి పైన ఎంతమంది నిలబడుతున్నారో లెక్కపెడుతున్నాను. ఏడో భాగం మీద ఒకే సమయంలో ఎక్కువలో ఎక్కువ నలభై ఒక్కరు. పెళ్ళి ఫొటోలు తీయించుకునే జంట ఒకటి గెంతుతూ ఫొటో దిగింది. మూడుసార్లు గెంతారు.

సెప్టెంబర్ 21

అమ్మతో మాట్లాడాను. వంటింట్లో పిండి పిసుకుతోంది.

"పెట్టెను వేరే చోటికి మారుద్దామా?"

చేతులు ఆగాయి. "ఎవరైనా చూశారా?"

"లేదు. వానలకు గోడ నానింది. పెట్టెకు మంచిది కాదు."

"నా పెట్టెకు ఏది మంచిదో నీకు తెలుసా? పుస్తకాలు చదివినదానివి, కుండపెంకుల సంగతి చెప్పు, వింటాను. పెట్టెను ఒకసారి ఒక చోట దించాక కదపకూడదు. కదిపితే మనిషిని రమ్మని పిలిచినట్టు. నీకు అంత తొందరగా ఉంటే చెప్పు, ఈ రాత్రే పోతాను."

"అమ్మా."

"మరి? ఈ ఆరో అంతస్తులో పోతే నన్ను లిఫ్టులో నిలబెట్టి దింపుతారు. ఆ పక్కింటి ముసలాయన్ని అలాగే దింపారు, తల వేలాడుతూ. చూశాను. అందరితో పాటు ఆ మంటల ఫ్యాక్టరీకి పంపి, చివరికి ఒక డబ్బాడు బూడిద నీ చేతిలో పెడతారు. అది నాదో, నా వెనక వరసలో ఉన్నదానిదో ఎవరికి తెలుసు? నాకు ఉన్నది ఆ ఒక్క పెట్టె. మీ నాన్న పలక పలకా తట్టి, వాసన చూసి ఎంచాడు."

రొట్టెలు ఆవిరికి పెట్టి అమ్మే అడిగింది. "అది బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

నేను దాన్ని ఎనిమిదేళ్ళుగా చూడలేదు.

సెప్టెంబర్ 23

కాగితం సగం చిరిగి ఉంది. ఏదో పిట్ట పొడిచి ఉంటుంది. ఆ వైపు పిట్టలు చాలా ఉన్నాయి.

సెప్టెంబర్ 24

కొత్త కాగితం అంటించాను. పాతదాన్ని జేబులో వేసుకున్నాను. దాన్ని ఫైలులో పెట్టాలి. పెడతాను.

సెప్టెంబర్ 25

చిరిగింది. అడ్డంగా, చివరిదాకా. పిట్ట కాదు.

సెప్టెంబర్ 26

షెన్ బాబాయ్‌ని అడిగాను. గేటు పక్క గదిలో మరచెంబులోంచి టీ తాగుతున్నాడు.

"బాబాయ్, గుహ తెరిచి చూడాలి."

ఆయన ఆశ్చర్యపోలేదు. అది చూసి నాకు ఆశ్చర్యం వేసింది. తాళాల గుత్తి కూడా తీసుకోకుండా లేచి నడిచాడు. ఏడో భాగం అడుగున ముళ్ళ రేగుపొద పక్కకు తొలగించి, ఒక పాత చెక్క పలకను తీశాడు. మేము మెత్తిన ఇటుకలు లేవు.

"ఇటుకలేవి?"

"ఏనాడో తీసేశాను."

"ఎందుకు?"

"మీ అమ్మ లోపలికి పోవద్దూ?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు. "ఏటా చలి మొదలయ్యే ముందు లక్క రంగు పూసుకుంటుంది. లోపల గోధుమలు మారుస్తుంది. ఖాళీ పెట్టె ఉంచకూడదు కదా. నాతో చెప్పింది, వెన్‌వెన్‌కు చెప్పకు, దానికి చదువెక్కువ, భయమెక్కువ అని."

"ఎనిమిదేళ్ళుగానా?"

"మొదటి ఏడాది రాలేదు. మోకాలు నొప్పి."

ఫోను లైటు వేసుకుని పాకాను. ఆరు అడుగులు లోపలికి వెళ్ళాక మనిషి వంగి నిలబడగలడు. పేటిక నల్లగా మెరుస్తోంది. మూత మీద ఎర్ర గుడ్డ. గుడ్డ మీద మట్టి పెళ్ళలు, ఒకటి నా తలకాయంత. పైకి లైటు వేశాను.

కప్పులోంచి ఒక ఇనుప పాదం బయటికి వచ్చి ఉంది. చెక్కబాట స్తంభం పాదం. దాని కింద మీటరున్నర గట్టి మట్టి ఉంటుందని ఇంజినీర్లు లెక్క వేశారు. నా పటంలో అక్కడ గట్టి మట్టే ఉంది. ఆ పాదం గాలిలో ఉంది. చుట్టూ మట్టి పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి, మధ్యలో నా వేలు దూరుతోంది. దూర్చి చూశాను. ఎందుకు దూర్చానో తెలియదు.

అప్పుడే పైన ఎవరో నడిచారు. ఒక్క మనిషి, తీరిగ్గా. ప్రతి అడుగుకూ ఎర్ర గుడ్డ మీద కాస్త మట్టి రాలింది.

బయటికి వచ్చి షెన్ బాబాయ్‌తో, "ఇక అమ్మను రానివ్వకు," అన్నాను.

"అంత దారుణంగా ఉందా?"

"లేదు. ఊరికే."

ఆయన నా జుట్టులోంచి మట్టి దులిపాడు. "మీ అమ్మను ఆపడం అంటే, అమ్మాయ్, లారీని ఆపమని చెప్పు, అది తేలిక."

సెప్టెంబర్ 27

ఈ రోజు ఏమీ రాయను.

ఇరవై నలుగురు మనుషులు. ఒక్కో ఢోలు ఎనభై కిలోలు. ఎదురుగా నిలబడే జనాన్ని కలపలేదు.

సెప్టెంబర్ 28

చెప్పేస్తే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది, పోనీ. రక్షిత గోడ గురించి ప్రభుత్వానికి తప్పుడు పటం ఇచ్చిన కేసు అవుతుంది; అది నేను ఆలోచించడం లేదు అనుకుంటూనే ఆలోచిస్తున్నాను. షెన్ బాబాయ్ పెన్షను పోతుంది. పెట్టెను లారీ ఎక్కిస్తారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి తన పెట్టె పోవడం చూసి ఎన్నాళ్ళు బతుకుతుంది?

చెప్పకపోతే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. ఎనిమిదేళ్ళు ఏమీ కాలేదు. ఈ "బహుశా" అన్న మాటను ఈ వారంలో ఎన్నిసార్లు అనుకున్నానో.

మూడో దారి ఒకటి తట్టింది. ఉత్తరం రాశాను: ఏడో భాగంలో ఏదో జంతువు ఈ మధ్య తవ్విన బొరియ కనిపించింది, పరీక్ష అయ్యేదాకా బాట మూసేయడం మంచిది. చదివి చూస్తే బాగుంది. నేను అబద్ధం ఇంత చక్కటి భాషలో రాస్తానని తెలియదు. కానీ వాళ్ళు వచ్చి బొరియలోకి లైటు వేస్తే దేవదారు పెట్టె కనిపిస్తుంది. ఏ జంతువుకూ అంత సరంజామా ఉండదు. ముందు పెట్టె బయటికి రావాలి.

అందుకని అమ్మతో మళ్ళీ అన్నాను. ఈసారి నిజం సగం చెప్పాను, గోడ పగులుతోందని.

"పగిలితే పగలనీ. నా పెట్టె మీదే పడుతుంది కదా. పూడ్చే ఖర్చు తప్పుతుంది."

"పైన జనం ఉంటారమ్మా."

"నాకు తెలుసు నువ్వు ఎందుకు అంటున్నావో. నీ ఉద్యోగం. ఆ లారీ వాళ్ళు జనం పేరే చెప్పారు. నేలంతా సమాధులైపోతే జనానికి చోటెక్కడ అని."

"ఇది నిజం."

"అదీ నిజమేనన్నారు వాళ్ళు."

ఉత్తరం చింపేశాను.

సెప్టెంబర్ 29

ఇంకో ఉత్తరం రాశాను. సంచిలో ఉంది. రేపు ఇస్తాను.

అక్టోబర్ 1, తెల్లవారుజాము

కుడి చెయ్యి వాచింది, అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను. నిన్నటి సంగతి.

పొద్దున ఉత్తరం ఇవ్వలేదు. డైరెక్టర్ బిజీగా ఉన్నారు. బిజీగా లేని క్షణం ఒకటి వచ్చింది, అప్పుడు నేను నీళ్ళు తాగడానికి వెళ్ళాను.

మూడున్నరకు ఏడో భాగం మీద ఢోళ్ళ రిహార్సలు అన్నారు. మూడింటికి ఇంటికి ఫోను చేశాను, అమ్మ ఎత్తలేదు. మా ఆఫీసు నుంచి ఇల్లు పది నిమిషాల దూరం. పరిగెత్తాను. తలుపు తాళం వేసి ఉంది. బాల్కనీలో లక్క రంగు డబ్బా లేదు, కుంచె లేదు.

నేను పెట్టెను తీయించేస్తానని భయపడి వెళ్ళింది. నేనే పంపాను.

తిరిగి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి షెన్ బాబాయ్ రేగుపొద దగ్గర చేతులు నలుపుకుంటున్నాడు. "నేను గేటు దగ్గర బస్సులు చూసి వచ్చేసరికే దూరిపోయింది అమ్మాయ్. ఎంత పిలిచినా రాదు."

నోట్లోకి వంగి అరిచాను. "అమ్మా! బయటికి రా!"

"వస్తున్నానే. ఈ పక్క ఒక్కటి మిగిలింది."

"ఇప్పుడే రా!"

"రంగు సగంలో ఆపితే మచ్చ పడుతుంది. అరవకు."

అప్పుడు పైన ఢోలు మోగింది. ఒకటే, శ్రుతి చూసుకోవడానికి. తరవాత అన్నీ. గోడ లోపల్నుంచి ఆ శబ్దం చెవులకు కాదు, పళ్ళకు వినిపించింది. గుహ నోట్లోంచి దుమ్ము ఊదినట్టు బయటికి వచ్చింది. అమ్మ దగ్గింది.

ఇక్కడ నిజం రాయాలి. నేను కదల్లేదు. లోపలికి వెళ్ళాలా, పైకి వెళ్ళాలా అని ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆలోచించలేదు. నా సంచిలోని ఉత్తరంలో బొరియ అన్న మాట ఇక పనికిరాదే అన్నది ఒక్కటే నా బుర్రలో ఉంది. షెన్ బాబాయ్, డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, టోపీ తీసి నా చేతిలో పెట్టి పాకుతూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ టోపీ చేతిలో పడ్డాకనే నా కాళ్ళు కదిలాయి.

మెట్లెక్కి పైకి వెళ్ళి అరిచాను. ఎవరికీ వినపడలేదు. ఎర్ర నడికట్టు కట్టుకున్న ఢోళ్ళ నాయకురాలు నన్ను చూసి, నేను ఉత్సాహపడుతున్నాననుకుని నవ్వుతూ ఇంకా గట్టిగా కొట్టింది. ఆమె ఢోలు చర్మం మీద నా రెండు చేతులూ పెట్టేశాను. కర్ర వచ్చి వాటి మీద పడింది. నొప్పి తరవాత తెలిసింది. ముందు తెలిసింది నిశ్శబ్దం. ఒక్కొక్క ఢోలూ ఆగిపోయింది.

"అయ్యో, పిచ్చా మీకు? చెయ్యి విరిగేది!" అందామె.

తోంగ్ డైరెక్టర్ ఫోనులో వీడియో తీస్తూ నిలబడి ఉన్నారు. ఫోను దించలేదు.

"కింద మా అమ్మ ఉంది," అన్నాను.

"ఏంటి?"

"గోడలో గుహ ఉంది. నేను పటంలో పెట్టలేదు. అమ్మ అందులో ఉంది. ఢోళ్ళు అక్కడే వదిలేసి ఒక్కొక్కరే దిగండి. గెంతకండి. పరిగెత్తకండి."

"ము టీచర్, రేపు సెలవులు మొదలు. ఇలాంటి తమాషాలు..."

"అరవై మూడు కాదండీ. అరవై నాలుగు. స్తంభం పాదం గాలిలో ఉంది. నేను చూశాను. నాలుగు రోజుల క్రితమే చూశాను."

ఆయన ముఖం నెమ్మదిగా మారింది. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. ఆయన తన కాళ్ళ కిందికి చూసుకున్నారు. అప్పుడు అందరూ చూసుకున్నారు. ఆ ఢోళ్ళ నాయకురాలు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, వట్టి కాళ్ళతో, పిల్లిలా నడిచి దిగింది. ఆమె వెనక మిగిలిన ఇరవై ముగ్గురూ చెప్పులు విప్పారు. ఆ వరస కదులుతున్నంతసేపు నేను అక్కడే నిలబడ్డాను. నేను కూడా దిగితే గోడ మీద నా బరువు తగ్గుతుంది కదా అన్న లెక్క నాకు తట్టనేలేదు.

కిందికి వస్తే అమ్మ రేగుపొద పక్కన కూర్చుని ఉంది. ముఖమంతా దుమ్ము, చేతులకు నల్ల రంగు. షెన్ బాబాయ్ పక్కన దగ్గుతున్నాడు.

"ఎందుకే అంత అరిచావు?" అంది. "ఊరంతా వినపడింది." నా వెనక నిలబడ్డ జనాన్ని, డైరెక్టర్‌ని చూసి, "అయితే చెప్పేశావన్నమాట," అంది.

అమ్మ లోపల లేకపోతే చెప్పేదాన్నా? రాత్రంతా ఇదొక్కటే ప్రశ్న. చెప్పేదాన్ననే అనుకుంటాను. సంచిలో ఉత్తరం ఉంది కదా. ఆ ఉత్తరంలో ఏముందో నాకు తెలుసు.

అక్టోబర్ 1, సాయంత్రం

ఇంజినీరు వచ్చాడు. లోపలికి వెళ్ళి ఆ ఇనుప పాదాన్ని చేత్తో నెట్టాడట, ఊగిందట. "ఎప్పుడు పడేది?" అని డైరెక్టర్ అడిగారు. "ఒక గంటలో పడొచ్చు. ఇరవై ఏళ్ళు నిలవొచ్చు. మట్టి గురించి అలా చెప్పలేం," అన్నాడు. డైరెక్టర్ నా వైపు చూశారు. అందరూ చూశారు.

ఏడో భాగం పైనా కిందా తాళ్ళు కట్టేశారు. తాళ్ళ అవతల సెలవుల జనం. వెదురు కర్రలతో కప్పుకు ఊతాలు పెట్టి, పెట్టెను అంగుళం అంగుళం బయటికి లాగారు. నల్లగా మెరుస్తూ అది వెలుగులోకి రాగానే జనంలో కలకలం.

"దొరికింది! శవపేటిక దొరికింది!"

"ఏ రాజుది?"

"చూడు రంగు చెక్కుచెదరలేదు! ఆ కాలం పనితనం అలాంటిది మరి!"

వందల ఫోన్లు లేచాయి. కాపలావాళ్ళు కాదని చెబుతున్నా వినేవాళ్ళు లేరు. అమ్మ తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది, ఎవరూ ఆపలేకపోయారు. పెట్టె పక్కన నిలబడి, "అది నాది," అంది.

జనం అర్థం కాక నవ్వారు. కళ్ళద్దాల ఆయన ఒకడు, పండితుడిలా, "అమ్మమ్మా, ఇది రెండు వేల ఏళ్ళ నాటిది," అన్నాడు.

"ఇరవై రెండు. అధిక మాసంలో చేయించాడు మా ఆయన. ముట్టుకోకు, నిన్న పూసిన రంగు, ఆరలేదు." చూపుడు వేలు ఎత్తి చూపించింది, నల్లగా. "కావాలంటే కొలుచుకోండి. నా కొలతే."

నవ్వు ఆగిపోయింది. ఎవరో ఒకావిడ ఫోను దించేసి తల వంచింది. ఆమె పక్కన ఒక ముసలాయన కూడా. మిగతావాళ్ళు తీస్తూనే ఉన్నారు.

పట్టణం నుంచి వచ్చిన అధికారి కాగితం చదివి, పెట్టెకు ముద్ర వేసి గోదాముకు తరలించమన్నాడు. మోసేటప్పుడు నలుగురూ నెమ్మదిగానే మోశారు. అమ్మ లారీ దాకా నడిచింది. ఏడవలేదు. లోపలి గోధుమల మూట మాత్రం తీసి ఇమ్మంది, ఇచ్చారు.

అక్టోబర్ 2

సంతకాలు. నన్ను పని నుంచి నిలిపివేశారు. షెన్ బాబాయ్‌ని కూడా. ఆయనకు అన్నీ నేనే చెప్పి చేయించానని రాసిచ్చాను. అది చాలావరకు నిజం.

అమ్మ సగం రొట్టె తింది.

అక్టోబర్ 4

గోడ పడలేదు.

బాట మూసేసినందుకు ఊళ్ళో హోటళ్ళవాళ్ళు తిడుతున్నారట. మా అంతస్తువాళ్ళెవరో, "తల్లీకూతుళ్ళ గొడవకు సెలవులు నాశనం చేశారు," అనడం లిఫ్టులో విన్నాను. నన్ను చూసి మాట మార్చారు. లిఫ్టు ఆరు అంతస్తులు ఎక్కేదాకా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

అమ్మ రాత్రి ఊపిరి తీసుకుంటోందా లేదా అని రెండుసార్లు లేచి చూశాను. రెండోసారి కళ్ళు మూసుకునే అంది, "ఇంకా ఉన్నాను. పడుకో."

అక్టోబర్ 5

పడలేదు.

అక్టోబర్ 6

పడలేదు. ఊతాలు ఉన్నాయి కదా, ఊతాలుంటే ఎలా పడుతుంది? ఊతాలు గుహ కప్పుకే కదా, గోడకు కాదు కదా. ఇలా వాదించుకుంటూ మధ్యాహ్నం గడిచింది. అప్పుడు గమనించాను, నేను ఎటు వైపు వాదిస్తున్నానో. ఇన్నాళ్ళ భయానికి ఇది వేరే రంగు.

అక్టోబర్ 8

సెలవులు అయిపోయాయి. అమ్మ పొద్దున్నే, "పద, చూసొద్దాం," అంది.

"దేన్ని?"

"గోడను. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను యాత్రికురాలిలా ఒక్కసారి తీసుకెళ్ళావా?"

ముఖద్వారం నుంచి వెళ్ళాం. డెబ్భై దాటినవాళ్ళకు టికెట్టు లేదు. నాకు టికెట్టు కొన్నాను, జీవితంలో మొదటిసారి. గేటు దగ్గర కొత్త కాపలాదారు నన్ను గుర్తుపట్టలేదు, పట్టనట్టు ఉన్నాడో. మంచు కురిసి గడ్డి తడిగా ఉంది. ఒకప్పటి మా వీధి మీదుగా నడిచాం, ఇప్పుడక్కడ అంతఃపురం అని బోర్డు ఉంది. అమ్మ ఆ బోర్డు ముందు ఆగి, "మన పందుల దొడ్డి," అని ముందుకు నడిచింది.

ఏడో భాగం ముందు తాడు దగ్గర పదిమంది ఉన్నారు. ఒక తండ్రి కొడుకును భుజాలకెత్తుకుని ఎక్కడ పగిలిందో చూపిస్తున్నాడు. పగులు ఇప్పుడు దూరం నుంచే కనిపిస్తోంది, నా అరచేయంత వెడల్పు. అయినా గోడ నిలబడే ఉంది, పొద్దు మీద పడి పసుపుపచ్చగా.

నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఎవరూ దగ్గర లేరు, తాళ్ళు కట్టి ఉన్నాయి, ఎవరికీ ఏమీ కాదు. ఇప్పుడు, ఈ నిమిషం, ఒక్క పెళ్ళ రాలితే చాలు. నా గుండె ఆ పగులుతో పాటు కొట్టుకుంటోంది. పెట్టె పోయింది, ఉద్యోగం పోయింది, ఆ పోయినవన్నీ ఒక్క చప్పుడుతో సరైనవి అయిపోతాయి.

అమ్మ నా వాచిన చెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు.

"వెన్‌వెన్."

"ఊఁ."

"అది పడకపోతేనే బాగుండు," అంది. "పాపం, ఎన్నేళ్ళ నుంచి నిలబడి ఉందో."

దానికి "అవును" అన్నాను. అనడానికి నాకు ఎంతసేపు పట్టిందో అమ్మకు తెలుసు. ఇక్కడ రాయను.